కరిసల్ సీమలో త్రాగునీరు: ఊరుణి మొదలు క్లోరిన్ వరకు

ఉపోద్ఘాతము

కోవిల్పట్టి, ఎట్టయపురం, సాత్తూరు, విరుదునగరం పట్టణములను చుట్టియున్న నల్లరేగడి భూభాగమునకు తమిళమున కరిసల్ సీమ యని పేరు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనము ఈ సీమను తడిపినట్లే తడిపి వెడలిపోవును. ఇచటి కాపుల ఆశ యంతయు ఆశ్వయుజ కార్తికములలో వచ్చు ఈశాన్యపు వానమీదనే. వైప్పారు, దానిలో కలియు అర్జుననది, విరుదునగరము చెంత పారు కౌశికనది, ఇవి యన్నియు వాన కురిసినపుడు పారి, ఎండకాలమున ఇసుకగా మిగులు ఏరులు. బావి త్రవ్విన నీరు పడును గాని, అనేక గ్రామములలో ఆ నీ రుప్పనిది. అందుచే ఈ సీమ చరిత్రలో పొలమెవరిదను ప్రశ్న కెంత స్థానము కలదో, మంచినీ రెక్కడిదను ప్రశ్నకును అంత స్థానము కలదు.

ఆ ప్రశ్నకు మూడు కాలములలో మూడు సమాధానములు లభించినవి. మొదటిది ఊరుణి. రెండవది బ్లీచింగు పొడి చల్లిన బావి. మూడవది దూరపు నదినుండి గొట్టములలో వచ్చు, క్లోరిన్ కలిపిన నీరు. మొదటి సమాధానములో మహామారి దాగియుండెను. తక్కిన రెండును దానిని చాలవరకు అణచినవి. అయితే క్రిములను చంపు ఆ మందే నీటిలోని ఇతర పదార్థములతో కలిసి కొన్ని క్రొత్త ద్రవ్యములను పుట్టించునని 1974లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వీనికి క్రిమిసంహార ఉపోత్పన్నములని పేరు. అవి యెట్లు పుట్టుచున్నవి, వానివలన ఆరోగ్యమున కెంత హాని, ఆ హానికి వెఱచి క్లోరిన్‌ను మానుట యుక్తమా, మానకయే హానిని తగ్గించు మార్గములెవ్వి యను విషయములు ఈ వ్యాసమున చరిత్రక్రమమున విచారింపబడుచున్నవి.

వలసలు, ఊరుణులు

విజయనగర సామ్రాజ్య కాలమునుండియు తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలివచ్చుచుండెను. మధురలో విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున అధికారమునకు వచ్చి, పిదప దేశమును డెబ్బదిరెండు పాళెములుగా విభజించి పాలించెనని ప్రసిద్ధి. ఎట్టయపురము, పాంచాలంకురిచ్చి మొదలగు పాళెములు తెలుగు మాటాడు నాయకుల చేతిలో నుండెను. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు మున్నగువారు నల్లరేగడిని దున్ని ప్రత్తిని, జొన్నను, సజ్జను పండించిరి. ఇట్టి వలసకుటుంబముల జీవితమునే కోవిల్పట్టి సమీపమున ఇడైసెవల్ గ్రామమున జన్మించిన తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్ 1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలకు వస్తువుగా గ్రహించెను.

క్రొత్తగా ఊరు కట్టుకొనువారు మొదట చూచుకొనునది నీరు. రేగడిమన్ను తడిసిన మీదట ఉబ్బి బిగిసికొని నీటిని త్వరగా క్రిందికి ఇంకనీయదు. ఈ గుణమునే ఆధారముగా చేసికొని జనులు వాననీటికై గుంటలు త్రవ్విరి. పైరునకు నీరిచ్చు చెరువు కణ్మాయి. ఊరివారు త్రాగుటకు ప్రత్యేకించినది ఊరుణి. ఊరు త్రాగునది యను అర్థముగల ఈ తమిళపదము మిక్కిలి ప్రాచీనమైనది. లోకహితుని సంపదను నిండిన ఊరుణితో పోల్చిన తిరుక్కురళే ఇందుకు సాక్ష్యము. ఊరుణిలో స్నానము చేయరాదు, పశువులను దింపరాదు, బట్టలుతుకరాదు అను కట్టడులు గ్రామములలో నుండెను.

బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను కుండ లోపలి అంచున అరగదీయుట తెలుగువారికిని తమిళులకును తెలిసిన పద్ధతియే. సంస్కృతమున కతకమను ఈ గింజ ప్రస్తావన సుశ్రుతసంహితలో కలదు. తేరిన నీటిని పలుచని బట్టతో వడగట్టి త్రాగుచుండిరి. కంటికి కనబడు మలినమునకు ఈ పద్ధతులు చాలినవి. కంటికి కనబడని క్రిమికి ఇవి అడ్డుగోడ కాజాలవు. వాననీరు ఊరుణిలోనికి దిగునపుడు ఊరిచుట్టు నున్న నేలను కడిగికొని దిగును. ఆ నేలపై నొక్క కలరా రోగి మలము పడియున్నను చాలును. ఊరంతయు ఒక్క పాత్రలో త్రాగినట్లగును.

మహామారి

1817లో వంగదేశమున జెస్సూరు ప్రాంతమునుండి బయలుదేరిన కలరా దేశమంతయు వ్యాపించి సముద్రములను దాటెను. తెలుగువారు దానిని మహామారి యనిరి, విషూచి యనిరి. అమ్మవారి కోపమని తలచి పొలిమేరలలో శాంతులు జరిపిరి. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని కుదిపిన కాటకము తెలుగున ధాత కరువు, తమిళమున తాదు వర్షపు పంచము. ఆ కాలమున ఆకలితోబాటు కలరాయు విజృంభించెను. నీరింకిన గుంటల అడుగున మిగిలిన బురదనీటినే వేలకొలది జనులు త్రాగవలసివచ్చుట ఇందు కొక ముఖ్యకారణము.

ఈ రోగము నీటిద్వారా వ్యాపించునని లండను నగరమున 1854లో జాన్ స్నో అను వైద్యుడు బ్రాడ్ వీధి పంపు చుట్టు సంభవించిన మరణములను లెక్కించి నిరూపించెను. దాని క్రిమిని రాబర్ట్ కాఖ్ 1883, 1884 సంవత్సరములలో ఈజిప్టులోను, కలకత్తాలోను పరిశోధించి స్థిరపరచెను. శత్రువెవరో తెలిసెను. ఇక ఆయుధము కావలసియుండెను.

క్లోరిన్ చరిత్ర

ఆ ఆయుధము అప్పటికి నూరేండ్లకు పూర్వమే పుట్టియుండెను. స్వీడను దేశీయుడగు షీలే 1774లో క్లోరిన్ వాయువును తయారుచేసెను. దానిని సున్నమున పట్టించి బట్టలను తెలుపుచేయు పొడిగా మార్చు విధానమునకు చార్లెస్ టెన్నంట్ 1799లో హక్కుపత్రము పొందెను. కోవిల్పట్టికి దక్షిణమున నున్న కయత్తారులో ఆంగ్లేయులు వీరపాండ్య కట్టబొమ్మనను ఉరితీసినదియు ఆ 1799వ సంవత్సరముననే. బ్రిటిషు నేతమిల్లులకై పుట్టిన ఆ పొడి ఒకనాడు కట్టబొమ్మన సీమలోని బావులను రక్షింపగలదని నాడెవరును ఊహించియుండరు.

బ్రిటిషు ఇండియా వైద్యసేవలో నుండిన నెస్ఫీల్డ్ అను సైనిక వైద్యుడు, ఒత్తిడిచే ద్రవముగా మార్చిన క్లోరిన్‌తో త్రాగునీటిని శుద్ధి చేయవచ్చునని 1903లో ప్రకటించెను. 1905లో ఇంగ్లండులోని లింకన్ పట్టణమున టైఫాయిడ్ ప్రబలినపుడు అలెగ్జాండర్ హౌస్టన్ పట్టణపు నీటికి ఎడతెగక క్లోరిన్ కలిపించెను. 1908లో అమెరికాలోని జెర్సీ నగరమున జాన్ లీల్ అను వైద్యుడు అట్లే చేయించెను. నీటిలో విషము కలుపుచున్నాడని ఆయనపై న్యాయస్థానమున ఆక్షేపణ జరిగినను, తీర్పు ఆయన పద్ధతికే అనుకూలమయ్యెను. ఈ పరిణామముల నడుమనే, 1904లో, ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగున అచ్చయ్యెను. విద్యలో అంతటి వైభవము గన్న సంస్థానపు ప్రజలును ఆనాడు త్రాగినది శుద్ధిచేయని నీరే.

మద్రాసు నగరమునకు 1872నుండి ఎఱ్ఱకొండల చెరువు నీరు వచ్చుచుండెను. 1914లో కీల్పాకమున ఇసుక వడపోతలు ఏర్పడిన పిదపగాని ఆ నీటికి సరియైన శుద్ధి కలుగలేదు. రాజధానికే అంత ఆలస్యమైనపుడు కరిసల్ గ్రామముల మాట చెప్పనక్కరలేదు. వానికి మొదట చేరినది యంత్రము కాదు. ఆరోగ్యశాఖ ఉద్యోగి సంచిలోని బ్లీచింగు పొడి.

బావిలో పొడి: కొలత విలువ

బ్లీచింగు పొడిని గుప్పెళ్లతో చల్లుట నేటికిని అనేకచోట్ల కనబడుచున్నది. ఇది సరికాదు. మంచి పొడిలో పనిచేయు క్లోరిన్ సుమారు నూటికి 33 పాళ్లుండును. తేటనీరైనచో 1,000 లీటర్లకు 2.5 గ్రాముల పొడి సాధారణముగా చాలునని ప్రజారోగ్య గ్రంథములు చెప్పుచున్నవి. 3 మీటర్ల వ్యాసము, 4 మీటర్ల నీటిలోతు గల బావిలో సుమారు 28,260 లీటర్ల నీరుండును. దానికి కావలసిన పొడి సుమారు 70 గ్రాములు. నీరు మురికిదైనచో ఇంకను ఎక్కువ కావలెను. ఎంత కావలెనో హారక్స్ పరికరముతో పరీక్షించి తెలిసికొనవలెను. పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగున పేరిన పిదప పైతేటను మాత్రమే బావిలో కలుపవలెను. గంటసేపు గడచిన తరువాత లీటరునకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇంకను మిగిలియుండవలెను.

తక్కువైనచో క్రిమి బ్రతుకును. ఎక్కువైనచో నీటికి వెగటు వాసన పట్టి, జనులు ఆ బావిని విడిచి మరల ఊరుణికే పోవుదురు. కొలతను లక్ష్యపెట్టకపోవుటవలన మూడవ నష్టమొకటి కలదు. అది 1974 వరకు లోకమునకు తెలియదు.

తామ్రపర్ణి రాక

పొదిగై కొండలలో పుట్టి తిరునెల్వేలి నేలను తడుపు తామ్రపర్ణి ఏడాది పొడుగున నీరు గల నది. కోవిల్పట్టికి ఆ నదీజలము సీవలప్పేరినుండి వచ్చుచున్నది. చిత్తారు తామ్రపర్ణితో కలియు తావు సీవలప్పేరి చెంతనే కలదు. విరుదునగరమునకు అర్జుననదిపై కట్టిన ఆనైకుట్టం జలాశయమును, తామ్రపర్ణి పథకమును ఆధారములు. తమిళనాడు నీటిసరఫరా, మురుగుపారుదల మండలి 1971లో ఏర్పడిన పిదప పలు ఊళ్లను ఒకే గొట్టపు త్రోవలో కలుపు సమష్టి త్రాగునీటి పథకములు విస్తరించినవి.

బిందెలు మోసికొని మైళ్లు నడచిన స్త్రీల శ్రమను ఈ పథకములు తగ్గించిన మేలు సామాన్యమైనది కాదు. అయితే నీటి ప్రయాణము మారెను. ఊరుణి నీరు ఊరిలోనే పుట్టి ఊరిలోనే ముగిసెడిది. గొట్టపు నీరు పదులకొలది కిలోమీటర్లు నడచి, ఎత్తైన తొట్టెలలో నిలిచి, ప్రతిదినము నీరురాని వీధులలో ఇంటి తొట్లలోను డ్రమ్ములలోను మరికొన్నాళ్లు నిలిచి, పిమ్మట గ్రుక్కగా గొంతు దిగుచున్నది. ఇంతకాలము చెడకుండ నుండుటకు నీటితోబాటు కొంత క్లోరిన్ కూడ ప్రయాణము చేయవలెను. దారిలో క్లోరిన్ ఊరక కూర్చుండదు. ఉపోత్పన్నముల కథ ఇచట మొదలగును.

1974: క్రొత్త ఎఱుక

నెదర్లాండ్సు దేశమున రోటర్‌డాం నగరపు నీటిశాఖలో పనిచేసిన జోహానెస్ రూక్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, నదినీటిలో లేని క్లోరోఫారం శుద్ధిచేసిన నీటిలో కనబడుటను గుర్తించి, దాని కారణమును 1974లో ప్రకటించెను. అదే సంవత్సరమున అమెరికాలో బెల్లార్, లిక్టెన్‌బర్గ్, క్రోనర్ అనువారును అదే విషయమును స్వతంత్రముగా తెలిపిరి.

కారణము సులభముగనే గ్రహింపవచ్చును. ఆకులు, గడ్డి, నాచు నీటిలో కుళ్లినపుడు టీ డికాక్షను వన్నెగల పదార్థ మొకటి నీటిలో కరగియుండును. క్లోరిన్ ఆ పదార్థముతో కలిసినపుడు క్లోరోఫారం మొదలగు నాలుగు ద్రవ్యములు పుట్టును. వీనికి ట్రైహాలోమీథేనులని పేరు. వీనితోబాటు హాలోఎసిటిక్ ఆమ్లములను మరియొక కుటుంబము కూడ పుట్టును. ఇంతవరకు గుర్తింపబడిన ఉపోత్పన్నములు 600కు మించియున్నవి.

వీని పుట్టుకను పెంచునవి ముఖ్యముగా నాలుగు: నీటిలో కుళ్లిన పదార్థ మధికమగుట, క్లోరిన్ మోతా దధికమగుట, అవి రెండును కలిసియుండు కాలము పెరుగుట, నీటి వేడి పెరుగుట. నీటికి క్షారగుణ మెక్కువైనచో ట్రైహాలోమీథేనులు మరింత పుట్టును. కరిసల్ సీమ పరిస్థితిని ఈ లక్షణములతో సరిపోల్చి చూచినచో విషయము తేటపడును. గొట్టములు దీర్ఘములు, ఎండలు తీవ్రములు, ఇంటిలో నిలువ యెక్కువ. వాన మొదట కురిసినపుడు నదిలోనికి దిగు ఎఱ్ఱనీటిలో కుళ్లిన ఆకుల సారము హెచ్చు. ఇది యిట్లుండగా, ఉప్పుబావుల నీటిలో ఉప్పుతోబాటు బ్రోమైడు అను లవణము కొంత యుండును. అట్టి నీటిని నదినీటితో కలిపి క్లోరిన్ వేసినచో క్లోరోఫారమునకు బదులు బ్రోమిన్ గల ద్రవ్యములు హెచ్చుగా పుట్టును. వీనిలో కొన్నింటికి అనుమతింపబడిన హద్దు క్లోరోఫారము హద్దుకంటె తక్కువ.

ఆరోగ్యమునకు హాని యెంత

క్లోరోఫారమును అధికమోతాదులో నిచ్చినపుడు ఎలుకలకు, చుంచులకు క్యాన్సరు కలిగినదని అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ 1976లో తెలిపెను. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ క్లోరోఫారమును, బ్రోమోడైక్లోరోమీథేనును మనుష్యులకు క్యాన్సరు కలిగింప వీలున్న ద్రవ్యముల వర్గమున చేర్చినది. క్లోరిన్ కలిపిన త్రాగునీటిని మాత్రము, సాక్ష్యము చాలని కారణమున, ఏ నిర్ణయమునకును రాలేని వర్గముననే 1991లో ఉంచినది. ఈ భేదమును చదువరులు గమనింపవలెను. సీసాలోని ద్రవ్యమునకును, లీటరులో కొన్ని మైక్రోగ్రాములున్న నీటికిని హాని యొక్కటే యనుట తర్కము కాదు.

మనుష్యులలో జరిపిన పరిశీలనలలో మూత్రాశయపు క్యాన్సరుతో సంబంధము తక్కినవానికంటె స్థిరముగా కనబడుచున్నది. పలు దశాబ్దములు ఎక్కువ ట్రైహాలోమీథేనులు గల నీటిని వాడినవారిలో ఈ వ్యాధి కొంత హెచ్చుగా నుండెను. ఐరోపాలోని 26 దేశముల లెక్కలను పరిశీలించి 2020లో వెలువడిన అధ్యయనమొకటి, అచటి మూత్రాశయపు క్యాన్సరులలో నూటికి సుమారు 5 ఈ ద్రవ్యములకు సంబంధింపవచ్చునని అంచనా వేసినది. గర్భిణులపై జరిగిన పరిశీలనలు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఈ ద్రవ్యములలో కొన్ని ఆవిరియగు స్వభావము గలవి కావున, మూసిన గదిలో వేడినీటి స్నానము చేయునపుడు ఊపిరిద్వారాను, చర్మముద్వారాను కూడ శరీరమున చేరును.

ఈ ఎఱుక ననుసరించి ప్రభుత్వములు హద్దులను నిర్ణయించినవి. అమెరికా 1979లో నాలుగు ట్రైహాలోమీథేనుల మొత్తమునకు లీటరునకు 100 మైక్రోగ్రాములని నిర్ణయించి, 1998లో దానిని 80కి తగ్గించెను. భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణమున లీటరునకు క్లోరోఫారం 0.2 మిల్లీగ్రాములు, బ్రోమోఫారం 0.1, డైబ్రోమోక్లోరోమీథేను 0.1, బ్రోమోడైక్లోరోమీథేను 0.06 మిల్లీగ్రాములకు మించరాదని యున్నది. లీటరునకు 0.2 మిల్లీగ్రాములనగా 5,000 లీటర్ల నీటిలో ఒక్క గ్రాము. ఇట్టి హద్దులు జీవితాంతము ప్రతిదినము త్రాగువారిని దృష్టిలో నుంచుకొని, కొంత జాగ్రత్తను చేర్చి నిర్ణయింపబడినవి. ఒకనా డొక గ్లాసు త్రాగినంత మాత్రమున భయపడ నవసరము లేదు. ఏండ్ల తరబడి హద్దు దాటుచుండుటయే హానికరము.

అగ్గిపుల్ల చెప్పు పాఠము

ఉపోత్పన్నములలో క్లోరేటు అనునది కోవిల్పట్టి, శివకాశి ప్రజలకు వేరొక రూపమున చిరపరిచితము. 1922లో శివకాశినుండి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇరువురు కలకత్తాకు పోయి అగ్గిపెట్టెల పనిని నేర్చుకొని వచ్చిరి. ఆ పరిశ్రమ సాత్తూరు, కోవిల్పట్టి ప్రాంతములకును వ్యాపించి, వాననమ్ముకొన్న సీమకు వానతో పనిలేని జీవనము నిచ్చెను. అగ్గిపుల్ల తలలో మంటకు ప్రాణవాయువు నిచ్చునది పొటాషియం క్లోరేటు.

ఆ క్లోరేటు త్రాగునీటిలోనికి మరియొక త్రోవను రాగలదు. క్లోరిన్ వాయువునకు బదులు సోడియం హైపోక్లోరైటు ద్రవమును వాడుచోట, ఆ ద్రవమును ఎండలో చాలనాళ్లు నిలువయుంచినచో దానిలో క్రిమిని చంపు శక్తి తగ్గుచు క్లోరేటు పెరుగుచుండును. శక్తి తగ్గినదని మోతాదును పెంచినచో, క్లోరేటును మరింత కలిపినట్లగును. క్లోరేటు థైరాయిడు గ్రంథి అయోడిన్‌ను గ్రహించుటకు అడ్డుపడును. రక్తకణములకును హాని చేయగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి లీటరునకు 0.7 మిల్లీగ్రాముల హద్దును సూచించినది. బాణసంచాలో వాడు పెర్‌క్లోరేటు కూడ థైరాయిడుపై ఇట్టి ప్రభావమే కలది. దానికి సూచింపబడిన హద్దు 0.07 మిల్లీగ్రాములు. అగ్గిపెట్టెల గిడ్డంగిలో రసాయనమును తడి, ఎండ తగులనీయక కాపాడు నేర్పు ఈ సీమవారికి వెన్నతో పెట్టిన విద్య. ఆ జాగ్రత్తనే నీటితొట్టె ప్రక్కనున్న మందుల గదిలోను చూపవలసియున్నది.

క్లోరిన్‌ను మానవచ్చునా

ఇంతవరకు చదివినవారు, అట్లయిన క్లోరిన్ లేని నీరే మేలుగదా యని తలపవచ్చును. చరిత్ర ఇందుకు అంగీకరింపదు. 1961లో ఇండోనేషియాలో బయలుదేరిన ఎల్ టోర్ కలరా 1964లో మద్రాసునకు చేరెను. 1992లో అంతకుముందు ఎఱుగని ఓ139 అను క్రొత్తజాతి కలరా క్రిమి మొదట కనబడినదియు మద్రాసుననే. కావున మహామారి పాతకాలపు కథ యని ఈ నాటివారు నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

1991లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున కలరా చెలరేగి, ఆ యొక్క సంవత్సరముననే 3 లక్షలకు పైగా జనులకు సోకెను. ఉపోత్పన్నముల భయముచే క్లోరిన్‌ను మానుటయే దీనికి కారణమని కొందరు వ్రాసిరి. తరువాత పరిశీలించినవారు, ఆ భయముకంటె నీటి ఏర్పాటులు శిథిలమైయుండుటయే అసలు కారణమని చూపిరి. కారణ మేదైనను ఫల మొక్కటే: క్లోరిన్ లేని గొట్టములలో క్రిమి స్వేచ్ఛగా ప్రయాణము చేసెను. చికిత్స దొరకని కలరా రోగి కొన్ని గంటలలో మరణింపగలడు. ఉపోత్పన్నములవలని హాని పలు దశాబ్దములలో, కొందరిలో మాత్రమే కనబడునది. కనుకనే ఉపోత్పన్నములను తగ్గించు ప్రయత్నమున క్రిమిసంహారమును సడలింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ బోధించుచున్నది.

క్లోరిన్‌కు బదులు వేరు పద్ధతులు లేకపోలేదు. ఓజోను వాయువు క్రిములను చంపును. కాని బ్రోమైడున్న నీటిలో బ్రోమేటను హానికర ద్రవ్యమును పుట్టించును. క్లోరమీను ట్రైహాలోమీథేనులను తగ్గించును. కాని నైట్రోసమీనులను వేరొక కుటుంబమును తెచ్చును. అతినీలలోహిత కిరణములు ఉపోత్పన్నములను మిక్కిలి తక్కువగా పుట్టించినను, దీపమును దాటిన తరువాత నీటికి తోడు రావు. పొడుగైన గొట్టములు గల సీమకు తోడువచ్చు కాపరి యుండియే తీరవలెను.

చేయదగిన పనులు

శత్రువును మూలమున తగ్గించుట మొదటి పని. క్లోరిన్ కలియుటకు ముందే కుళ్లిన పదార్థమును పటికతో పేర్చి, ఇసుకలో వడగట్టి తొలగించినచో ఉపోత్పన్నములకు ముడిసరకే యుండదు. ముడినీటిలో క్లోరిన్ వేసి పిదప వడగట్టుటకంటె, వడగట్టిన పిదప వేయుట మేలు. పూర్వుల చిల్లగింజ నీటిని తేర్చును గాని తానును కొంత వృక్షపదార్థమును నీటిలో విడుచును. ఇంటి కుండకు చాలిన ఆ పద్ధతి పట్టణపు నీటికి పటికకు సాటి రాదు.

మోతాదును విభజించుట రెండవ పని. దారి మొదట ఒక్కసారిగా ఎక్కువ క్లోరిన్ వేయుటకు బదులు, మొదట తగినంత వేసి, నడుమనున్న తొట్టెలలో కొద్దికొద్దిగా చేర్చినచో, చివరి వీధికి రక్షణయు దక్కును, ఉపోత్పన్నములును తగ్గును. చివరి కొళాయిలో లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము. దీనిని చిన్న రంగుపరీక్షతో ఎవరైనను నిమిషములలో చూడవచ్చును. ట్రైహాలోమీథేనుల పరీక్షకు ప్రయోగశాల కావలెను. నమూనాను శుద్ధిచేయు చోటనే తీసినచో నిజము తెలియదు. నీరు ఎక్కువకాలము నిలిచిన చివరి వీధిలో, ఎండకాలమునను మొదటి వానల తరువాతను తీయవలెను.

పరిశుభ్రత మూడవ పని. తొట్టె అడుగున పేరిన బురద, గోడల నాచు క్లోరిన్‌ను తినివేసి ఉపోత్పన్నములను పెంచును. తొట్టెలను క్రమముగా కడిగి మూతలు వేయవలెను. బ్లీచింగు పొడిని తడి తగులని గదిలో మూసియుంచి, పాతదానిని ముందు వాడి ముగింపవలెను.

ఇంటిలో చేయదగినవియు కలవు. నీటిని మూతతీసి కొన్ని నిమిషములు తెరలించి కాచినచో క్రిములు చచ్చును, క్లోరోఫారం మొదలగునవి చాలవరకు ఆవిరియై పోవును. కాచునపుడు వంటయింటి కిటికీ తెరచియుండవలెను. హాలోఎసిటిక్ ఆమ్లములు ఈ విధమున అంతగా పోవు. శక్తివంతము చేసిన బొగ్గు గల వడపోత ఉపోత్పన్నములను పట్టును; కాని బొగ్గును సకాలమున మార్చకున్నచో అదియే క్రిములకు నెలవగును. క్యానులలో కొను నీటికి క్లోరిన్ రక్షణ యుండదు. కావున క్యాను, ముంచుకొను చెంబు, త్రిప్పు కొళాయి శుభ్రముగా నుండవలెను.

ఉపసంహారము

ఊరుణి కాలమున నీటిని కాపాడినది కట్టడి. ఎవరును అందు దిగరాదను నియమమును ఊరంతయు పాటించుటవలననే ఆ నీరు కొంతయైన నిలిచెను. క్లోరిన్ వచ్చిన పిదప కాపాడు పని ఎవరో ఉద్యోగిది యను భావము ప్రబలి, అనేక గ్రామములలో ఊరుణులు చెత్తకుంటలైనవి. ఈ మార్పువలన రెండు నష్టములు కలిగినవి: మంచినీటి కాధారమొకటి తగ్గెను, నీటిని గూర్చి అడుగు అలవాటును తగ్గెను.

ఆ అలవాటును మరల నేర్చుకొనుట నేటి అవసరము. చివరి కొళాయిలో క్లోరిన్ ఎంత, ఏడాదిలో ట్రైహాలోమీథేనుల పరీక్ష ఎన్నిసార్లు జరిగినది, తొట్టెను కడిగిన తేదీ యేది అను మూడు ప్రశ్నలను పురసభలోను, గ్రామసభలోను అడుగుటకు పాండిత్యము అక్కరలేదు. తెలుగు సంఘములు తమ పాఠశాలల పిల్లలకు పద్యములతోబాటు ఆ రంగుపరీక్షను నేర్పినచో, ప్రతి వీధికి నొక చిన్న కాపరి ఏర్పడును. మహామారినుండి కాపాడిన క్లోరిన్‌యెడల కృతజ్ఞతయు, దాని కొలతయెడల మెలకువయు కలిగియుండుట కరిసల్ సీమకు శ్రేయస్కరము.